డొరొతీ తోమని వెండి

అనూ, పులిహోరకి చింతపండు నిమ్మకాయంత చాలు. వేడినీళ్ళలో పావుగంట నానబెట్టు. మైక్రోవేవ్‌లో మాత్రం పెట్టకు, ఎందుకని అడక్కు, నాకు నచ్చదు. గుజ్జు పిండాక మిగిలిన పిప్పి పారేయకమ్మా, దాంతో రాగి సామాను తోముకుంటే తళతళలాడుతుంది.

చూశావా, ఆ మాట రాయగానే చెయ్యి ఆగిపోయింది.

నువ్వు మెసేజ్‌లో అడిగింది వంట గురించే. కానీ చింతపండు అన్న మాట వింటే తొమ్మిదేళ్ళుగా నాలో ఒకటి కదులుతోంది. పెద్ద బండరాయేం కాదు. చెప్పులో దూరిన గులకరాయి. నడవనిస్తుంది, నవ్వనిస్తుంది, తిననిస్తుంది. నాలుగడుగులకోసారి నేనున్నానంటుంది. ఈ తొమ్మిదేళ్ళూ నేను సంతోషంగానే ఉన్నాను, అది కూడా నిజం. ఆ సంతోషంలో కొంత భాగం దొంగిలించిందేమో అని అనుమానం. అదే చెప్పాలి.

ఇప్పుడే ఎందుకంటే, క్రిస్మస్ సెలవులకి మీరు మీ ఊరు బాతెల్ నుంచి వచ్చినప్పుడు తాతయ్య తన నాణేల పెట్టెలన్నీ నీ తమ్ముడు రిషికి అప్పజెప్పాలని చూస్తున్నారు. ఒక్కో పెట్టె మీదా ఆయన చేత్తో రాసిన చీటీ ఉంటుంది. అందులో ఒక చీటీ మీద అబద్ధం ఉంది. రాసింది ఆయన, నిజమనుకునే రాశారు. అబద్ధం నాది. అది మీ ఇంటికి వచ్చి మీ పిల్లల దాకా పోవడం నాకిష్టం లేదు. నువ్వు చదివి రిషికి వినిపించు. వాడికి అర్థం కాని చోట ఇంగ్లీషులో చెప్పు, కానీ నన్ను మంచిదాన్ని చేసి చెప్పకు.

మీ మావయ్య అమెరికాలో, ఈ షామ్‌బర్గ్ ఊళ్ళో ఇల్లు కొన్నాక మేమిద్దరం ఇక్కడికి వచ్చేశాం. తాతయ్య రిజిస్ట్రేషన్ ఆఫీసు రికార్డు గదిలో ముప్ఫై ఏళ్ళు పనిచేసిన మనిషి. ఏ కాగితం ఏ కట్టలో ఉందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవారు. ఇక్కడ ఆయనకి కట్టడానికి కట్టలు లేవు, వేయడానికి ముద్రలు లేవు. మీ అత్త మసాలా డబ్బాలన్నిటికీ ఆయనే చీటీలు అంటించారు. గరం మసాలా డబ్బాకి సీరియల్ నంబరు వేసినప్పుడు మీ అత్త నాతో మెల్లగా, "అత్తయ్యా, మావయ్యగారికి ఏదైనా పని చూడాలి" అంది.

పని దానంతట అదే దొరికింది. ఇండియన్ స్టోర్‌లో ఇచ్చిన చిల్లరలో ఒక పాత సెంటు వచ్చింది, వెనక గోధుమ కంకుల బొమ్మతో. అదేమిటో తెలుసుకోవడానికి లైబ్రరీకి వెళ్ళారు. అక్కడ నెలకోసారి నాణేలు సేకరించేవాళ్ళు కలుస్తారట. వెళ్ళిన మనిషి మూడు గంటలైనా రాలేదు. వచ్చేటప్పుడు ఒక పొడుగాటి తెల్లాయన్ని వెంటబెట్టుకొచ్చారు. ఆయన హెరాల్డ్ గారు. ఎనభైకి దగ్గర్లో ఉంటాయి. స్కూల్ బస్సు నడిపి రిటైరయ్యారు, భార్య పోయి అప్పటికి మూడేళ్ళు. ఆవిడ పేరు డొరొతీ. మీ తాతయ్య జన్మలో పాఠం చెప్పలేదు, అయినా హెరాల్డ్ గారు ఆయన్ని ప్రొఫెసర్ అనే పిలిచేవారు. తాతయ్య వద్దనేవారు కాదు.

హెరాల్డ్ గారే ఆయనకి ప్రూఫ్ సెట్ల పిచ్చి ఎక్కించారు. ప్రూఫ్ అంటే ఖర్చు పెట్టుకోవడానికి చేసిన నాణెం కాదు, చూసుకోవడానికి చేసింది. మెరుగుపెట్టిన అచ్చుతో ఒకటికి రెండుసార్లు కొడతారట, బొమ్మ చుట్టూ ఉన్న నేల అద్దంలా ఉంటుంది, బొమ్మ మంచు పట్టినట్టు తెల్లగా తేలుతుంది. అప్పుడెప్పుడో, అంటే పంతొమ్మిది వందల యాభైల్లో, ఇక్కడి టంకశాల వాళ్ళు ఏటా ఐదు నాణేలని ఒక సెట్టుగా కట్టి, ఉత్తరం రాసి అడిగినవాళ్ళకి పోస్టులో పంపేవారట. రాగి సెంటు, ఐదు సెంట్ల నికెలు, వెండివి మూడు. మొదట్లో ఒక్కో నాణేన్ని పల్చటి కవరులో పెట్టి, కవర్లన్నీ కలిపి పిన్ను కొట్టి, చదరపు అట్టపెట్టెలో పెట్టేవారు. తర్వాత బల్లపరుపు ప్లాస్టిక్ షీటులో సీలు చేసి పంపడం మొదలుపెట్టారు. సీలు అన్న మాట వినగానే మీ తాతయ్య కళ్ళు వెలిగాయి. యాభై నుంచి అరవై నాలుగు దాకా పదిహేనేళ్ళ సెట్లూ సంపాదించాలని కూర్చున్నారు.

ఆ నాణేలకి ఒకటే నియమం. ముట్టుకోకూడదు. వేలు తగిలితే మచ్చ, ఊపిరి తగిలితే మచ్చ. తాతయ్య చేతులు కడుక్కుని, తుడుచుకుని, మళ్ళీ కడుక్కుని, తెల్ల గ్లోవ్స్ వేసుకుని అంచులు పట్టుకునేవారు. మా అత్తగారు మడి కట్టుకున్న రోజుల్లో కూడా ఆవిడ పక్కనుంచి నడవడానికి చోటుండేది. ఈ నాణేలు పెట్టిన షెల్ఫ్ పక్కనుంచి నడవడానికి లేదు. "నువ్వు దుమ్ము కూడా దులపకు" అన్నారు. సరే అన్నాను. రెండేళ్ళు దులపలేదు.

వెండి విషయంలో నాకొక గర్వం ఉంది, అది కూడా చెప్పాలి. మా పుట్టింట్లో ఎవరి పెళ్ళయినా వెండి సామాను తోమడానికి నన్నే పిలిచేవారు. కుందులు, పన్నీరు బుడ్డి, గంధపు గిన్నె. రాగికి చింతపండు, వెండికి విబూది, ఆఖర్న పాత పంచె గుడ్డ. నేను తోమిన పళ్ళెంలో మొహం చూసుకుని పెళ్ళికూతురు బొట్టు దిద్దుకుందని మా పిన్ని పదిమందికి చెప్పేది. అలాంటిదాన్ని ఇంట్లో వెండి పెట్టుకుని ముట్టుకోవద్దంటే ఎలా ఉంటుంది? కోపం రాలేదు. వేళ్ళు దురదపెట్టేవి, అంతే. అంతేనా? కొంచెం కోపం కూడా వచ్చి ఉంటుంది. ఇవాళ రాస్తుంటే తెలుస్తోంది.

ఆ ఏడాది లైబ్రరీలో అద్దాల బీరువా ఒకటి నెల రోజులు తాతయ్యకి ఇచ్చారు, సెట్లన్నీ వరసగా పెట్టి చూపించడానికి. పధ్నాలుగు ఉన్నాయి. యాభై నాలుగు లేదు. అప్పుడు హెరాల్డ్ గారు తన పెట్టె తెచ్చి ఇచ్చారు. అది ఆయన తల్లో తండ్రో ఇచ్చింది కాదు. పెళ్ళయిన ఏడాది డొరొతీ కోసం తెప్పించిన సెట్టు. ఆవిడ పోయాక మూత తీయలేదట. "ప్రొఫెసర్, మీ వరసలో ఒక పన్ను ఊడిపోయినట్టు ఉంటే నేను చూడలేను" అన్నారు. ఆ పెట్టె వారం రోజులు మా ఇంట్లో ఉంది.

ప్రదర్శనకి ముందురోజు మధ్యాహ్నం తాతయ్య చీటీలు ప్రింట్ చేయించుకోవడానికి మావయ్యతో వెళ్ళారు. పెట్టె బల్ల మీదే ఉంది. నేను మూత తీశాను. చూద్దామనే తీశాను. గంట బొమ్మ ఉన్న అర డాలరు అంచు చుట్టూ నీలంగా, ఊదాగా, మధ్యలో పసుపుపచ్చగా అయిపోయి ఉంది. సెంటు గోధుమరంగులోకి తిరిగింది. నాకేమనిపించిందో తెలుసా? పాపం అనిపించింది. పోయినావిడ వస్తువు. ఆవిడే ఉంటే ఇలా నల్లబడనిచ్చేదా? రేపు ఊరంతా వచ్చి దీన్నిలా చూస్తారా? మన ఇంట్లో పెద్దవాళ్ళ దీపం నలుగురి ముందు పెట్టేటప్పుడు తోమకుండా పెడతామా?

పిన్ను ఊడదీశాను. తుప్పు పట్టి ఉంది, చెత్తబుట్టలో వేశాను. సెంటుకి చింతపండు పిప్పి. మిగతా వాటికి విబూది.

అనూ, ఒక మాట దాచకుండా చెప్తాను. ఆ అరగంటంత హాయి నాకు అమెరికా వచ్చాక అప్పటిదాకా దొరకలేదు. కిటికీలోంచి ఎండ పడుతోంది. వేళ్ళకి పని తెలుసు. గుండ్రంగా, మెల్లగా, అంచులో గోరు పెట్టి. నీలం పోయింది, ఊదా పోయింది, గంట బొమ్మ తెల్లగా పైకి వచ్చింది. సెంటు కొత్త పెళ్ళికూతురి చెంపలా ఎర్రబడింది. కడిగి, తుడిచి, కవర్లలో పెట్టి, మావయ్య స్టేప్లర్‌తో పిన్ను కొట్టాను. తాతయ్య వచ్చి చూసి ఆశ్చర్యపోతారని ముందే చెప్పలేదు. చూడు, మోసం కాదు అప్పటికి. బహుమతి.

మర్నాడు పొద్దున్న లైబ్రరీలో హెరాల్డ్ గారే ఆ మూత తీశారు. ఆయన ఇంగ్లీషు నాకు మామూలుగా సగమే అందేది. ఆ రోజు మాటలు ఒక్కటి కూడా జారిపోలేదు.

 ఆయన బొటనవేలితో పిన్నుని ఒకసారి తడిమారు. తర్వాత, "ప్రొఫెసర్, ఇలా వెలుగులోకి రండి" అన్నారు.

తాతయ్య భూతద్దం పెట్టుకుని చూశారు. అద్దంలా ఉండాల్సిన నేల నిండా వెంట్రుకల్లాంటి గీతలు. నేను గుండ్రంగా తోమిన దారులన్నీ అందులో ఉన్నాయి. ఆ నీలం రంగు కోసం వీళ్ళు ఏళ్ళ తరబడి వెతుకుతారని, అది మురికి కాదు వయసని, ఒకసారి తోమిన ప్రూఫ్ మళ్ళీ ప్రూఫ్ కాదని ఆ నిమిషంలో వాళ్ళ మొహాలు చూసి తెలుసుకున్నాను.

తాతయ్య గొంతు వణికింది. "హెరాల్డ్, మా ఇంట్లో ఎవరూ ముట్టుకోలేదు. నేను గ్లోవ్స్ వేసుకుని కూడా ఆ మూత తీయలేదు, మీరే తీయాలని. మా ఆవిడైతే రెండేళ్ళుగా ఆ షెల్ఫ్ దుమ్ము కూడా దులపలేదు, అంత మాట మీద నిలబడే మనిషి." నా వైపు తిరిగి తెలుగులో, "చెప్పు, నువ్వు ముట్టుకోలేదని ఆయనకి నువ్వే చెప్పు" అన్నారు.

అప్పుడు చెప్పి ఉండాల్సింది. నోరు తెరిచాను కూడా. "నో," అన్నాను. "నో, నో టచ్."

హెరాల్డ్ గారు నన్ను చూశారు, తాతయ్యని చూశారు, పెట్టెని చూశారు. ఉన్నట్టుండి నవ్వేశారు.

"ఇంకెవరు, ఇది డొరొతీ పని. ఇంట్లో కదలకుండా ఉన్న వస్తువు ఏది కనబడ్డా తోమేసేది. నేను కుర్చీలో ఎక్కువసేపు కూర్చోకపోవడానికి కారణం అదే, నన్ను కూడా తోమేస్తుందని భయం."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. తాతయ్య ఊపిరి పీల్చుకుని నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకిప్పటికీ తెలియదు.

"తీసేద్దామా దీన్ని?" అన్నారు తాతయ్య.

"ఎందుకు తీయడం? పక్కన చీటీ రాయండి ప్రొఫెసర్, డొరొతీ తోమినది అని. ఆవిడకీ కాస్త పేరు రానివ్వండి."

తాతయ్య తన గుండ్రటి అక్షరాలతో రాశారు. ఆ నెలంతా లైబ్రరీకి వచ్చిన పిల్లలు మిగతా పధ్నాలుగు సెట్లనీ వదిలేసి ఆ ఒక్కదాని ముందే ముక్కు అద్దానికి ఆనించి నిలబడ్డారు. అన్నిట్లోకీ అదే ఎక్కువ మెరుస్తోంది మరి. అది చూసి నాకు లోపల్లోపల గర్వం కూడా వేసింది. సిగ్గుపడాల్సిన చోట గర్వపడే మనిషిని ఏమంటారో నువ్వే చెప్పు.

ఆ తర్వాత ఆరేళ్ళు మా ఇంట్లో మంచి రోజులు. ప్రతి శనివారం హెరాల్డ్ గారు భోజనానికి వచ్చేవారు. పులిహోరని ఎల్లో రైస్ అనేవారు, ఎండుమిరపకాయలు ఏరి కంచం అంచున వరసగా పెట్టేవారు. తాతయ్య, ఆయన ఒక పాత సెంటు గురించి గంటసేపు పోట్లాడుకుని, పోట్లాట మధ్యలో లేచి ఐస్‌క్రీమ్ తెచ్చుకునేవారు. మంచు కురిసిన రోజు ఆయన మా వాకిట్లో మంచు ఎత్తిపోస్తే, తాతయ్య వెళ్ళి ఆయన వాకిట్లో అది కరగడానికి ఉప్పు చల్లివచ్చేవారు. మీరు వేసవిలో వచ్చినప్పుడు రిషి ఆయన భుజాలెక్కి ఫ్యాను ఆపలేదూ? ఆయనే.

ఎవరు కొత్తగా వచ్చినా డొరొతీ తోముడు కథ చెప్పేవారు. ప్రతిసారీ కొంచెం పెరిగేది. ఒకసారి పిల్లిని తోమిందన్నారు. ఒకసారి బస్సుని. అందరూ పగలబడి నవ్వేవాళ్ళం. నేను నవ్వుతూనే కూర వడ్డించేదాన్ని. కానీ చేతులు నావి, నింద ఆవిడది. నోరెత్తి కాదనడానికి ఆవిడ లేదు. ఒక ఆడమనిషి పేరు నలుగురిలో పడితే ఎలా ఉంటుందో తెలిసిన దాన్ని, అది నవ్వులాటకే అయినా, నేనెలా ఊరుకున్నాను? మొదటివారం చెప్దామనుకున్నాను. తర్వాత నెల గడిచింది. ఏడాది గడిచాక చెబితే, ఏడాది ఎందుకు చెప్పలేదని అడుగుతారు కదా, ఆ ప్రశ్నకి భయపడి ఇంకో ఏడాది ఆగాను.

ఒకరోజు వాళ్ళింట్లో ఆవిడ ఫోటో చూశాను. చేతిలో గాలపు కర్ర, జుట్టంతా గాలికి లేచిపోయి, నోరంతా తెరిచి నవ్వు. హెరాల్డ్ గారు టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళారు. ఆ ఫోటో ముందు నిలబడి తెలుగులోనే, "క్షమించమ్మా, నేనే" అన్నాను. ఇంగ్లీషులో చెప్పి ఉంటే ఆయనకి వినబడేది. అందుకే తెలుగులో చెప్పాను. అది ఒప్పుకోవడమెలా అవుతుంది?

మూడేళ్ళ కిందట హెరాల్డ్ గారికి మోకాళ్ళు బాగా పాడై, వాళ్ళమ్మాయి లిండా అరిజోనా తీసుకెళ్ళిపోవడానికి వచ్చింది. వెళ్ళేముందు ఇద్దరినీ భోజనానికి పిలిచాం. తాతయ్య పార్సిల్ టేపు తేవడానికి బేస్‌మెంట్‌లోకి వెళ్ళారు. ఏదో ఒకటి మాట్లాడాలని, అలవాటుగా, నేనే లిండాతో అన్నాను, "మీ అమ్మగారు వెండి చాలా బాగా తోమేవారట కదా."

లిండా నీళ్ళు తాగుతోంది, పొలమారింది. "మా అమ్మా? మా అమ్మ జన్మలో ఒక్క చెంచా తోమలేదు. చేపలు పట్టడానికి పోయేది. మా ఇంట్లో గిన్నెలు, గచ్చు, వెండి అన్నీ నాన్నే. అడగండి."

నేను అడగలేదు. హెరాల్డ్ గారు అప్పడం విరుచుకుంటున్నారు. తల ఎత్తలేదు. "పెరుగుందా?" అన్నారు.

పెరుగు వేశాను. కంచం చూసుకోకుండా వేస్తే బల్ల మీద ఒలికింది. ఆయన కాగితం తీసుకుని తుడిచారు. ఈలోపు తాతయ్య టేపుతో పైకి వచ్చారు. హెరాల్డ్ గారు సంచిలోంచి యాభై నాలుగు పెట్టె తీసి మా ఇద్దరి కంచాల మధ్య పెట్టారు. "ఇది ఇక్కడే ఉండాలి" అన్నారు. తాతయ్యకి కళ్ళ నీళ్ళొచ్చాయి. ఇద్దరూ కావిలించుకున్నారు. ఒకరి వీపు ఒకరు చాలాసేపు తట్టుకున్నారు.

కిందటి చలికాలం లిండా దగ్గర్నుంచి కార్డు వచ్చింది. ఆయన నిద్రలోనే వెళ్ళిపోయారట. తాతయ్య ఆ కార్డుకి కూడా తేదీ వేసి పెట్టెలో భద్రపరిచారు.

కాబట్టి రిషీ, ఆ చీటీ తప్పు. ఆ నాణేలు తోమింది మీ అమ్మమ్మ. తాతయ్యకి ఈ శనివారం నేనే చెప్తాను, మీరు ముందే ఫోన్ చేసి చెప్పేయకండి. ఆయన ఏమంటారో తెలియదు. చీటీ మాత్రం మార్చక మానరు, తప్పు రికార్డు ఆయన ఉంచరు. నన్ను వెనకేసుకు రావద్దు, పాతకాలం మనిషి తెలియక చేసిందని అనొద్దు. తోమింది తెలియక. నో అన్నది తెలిసే. ఇంత రాశాక మెడ మీదనుంచి ఏదో దింపినట్టుంది. అది చాలు నాకు.

ఒక్కటే మిగిలింది. లిండా మాట విన్న మొదటి రోజుల్లో, హెరాల్డ్ గారు నన్ను కాపాడారని తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను. డొరొతీ తోమదని ఆయనకి తెలుసు, పిన్ను కొత్తదని ఆయన బొటనవేలికి తెలుసు. కానీ నేనే తోమానని ఎలా తెలుస్తుంది? ఆ రోజు గొంతు వణికింది మీ తాతయ్యది. గ్లోవ్స్ అని, మూత అని అడక్కుండానే సంజాయిషీ ఇచ్చింది మీ తాతయ్య. కొత్తగా సేకరించే ప్రతివాడూ ఒక్క నాణెమైనా తోమి పాడుచేసి దాచుకుంటాడని హెరాల్డ్ గారే క్లబ్బులో చెప్పేవారట. అలాంటప్పుడు ఆరేళ్ళు మా బల్ల దగ్గర కూర్చుని, నవ్వి, నవ్వించి, వెళ్ళేటప్పుడు ఆ పెట్టె మా ఇద్దరి మధ్య పెట్టిన మనిషి, ఆ రోజు డొరొతీ పేరు అడ్డం వేసి ఎవర్ని కాపాడాననుకున్నారు? నన్నా, ఏ తప్పూ చేయని మీ తాతయ్యనా?